ఆయ్ అంటే అవును కాదు

జిల్లా ఆఫీసు నుంచి పలకంత ట్యాబు వచ్చింది,
లోపల పిల్లల మనసు కనిపెట్టే యంత్రం ఉందట.
పి.గన్నవరం ఆసుపత్రిలో, టీకాల ఫ్రిజ్ పక్కన
మంగళవారం మంగళవారం నా బల్ల.
ఇంటర్ పిల్లలు వస్తారు
పంటు దిగి, కాలవగట్టు వెంట నడిచి,
తెలిసినవాళ్ళెవరూ లేరని రెండుసార్లు చూసుకుని.

ఓలేటి లోవరాజుకి పదహారేళ్ళు.
యంత్రం తొమ్మిది ప్రశ్నలు అడిగింది
వార్తలు చదివే ఆవిడ గొంతుతో.
మీకు నిద్ర పడుతోందా? ఆయ్.
మీకు ఆకలి వేస్తోందా? ఆయ్.
మీ బాధ ఎవరితోనైనా చెప్పుకుంటున్నారా? ఆయ్.
తనని 'మీరు' అన్నందుకు మాత్రం కొంచెం నవ్వాడు.
తెర మీద పచ్చచుక్క వెలిగింది.
బయట ఇంకా పద్నాలుగు మంది.
పచ్చచుక్క కింద నేనూ సంతకం పెట్టేశాను.

నాకు తెలీదా?
నానిన కొబ్బరిపీచు వాసన జడలో మోసినదాన్ని.
ఆయ్ అంటే అవును కాదు.
విన్నానండి, అని.
మీ మాట కింద పడనివ్వనండి, అని.
ఇక వదిలేస్తే వెళ్ళిపోతానండి, అని.
అప్పిచ్చినాయన ముందు మా నాన్న అదే అనేవాడు,
భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని.
యంత్రానికి తెలీదు. నాకు తెలుసు.
తెలిసిన నేను ఆ రోజు తొందరలో ఉన్నాను.

ఆ రాత్రి వాడు బాబాయి రొయ్యల చెరువుకి కాపలా.
ఏరేటర్ల చప్పుడు, గట్టు మీద బల్బు, బల్బు చుట్టూ పురుగులు.
ట్యాబులోదే పిల్లల ఫోన్లలోనూ వేసి ఇచ్చారు.
రెండూ నలభైకి దానికి రాశాడు.
తరవాత తనే చూపించాడు, నేను అడగలేదు.
"తెల్లారగట్ల గాలి చాలక రొయ్యలు పైకొచ్చి తేల్తాయి కదండి,
అలాగుందండి."
యంత్రం ఠక్కున చెప్పింది:
చెరువులో ప్రాణవాయువు తగ్గినట్టుంది,
ఏరేటర్లన్నీ వేయండి, మేత ఆపండి.
నవ్వొచ్చిందట వాడికి.
"మీ దగ్గర నవ్వాను చూడండి, దాని తరవాత అదేనండి."
ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయండి, అని రాశాడు.
అప్పుడది ఆగింది.
తెర మీద మూడు చుక్కలు
బరువైన వల లాగుతున్నట్టు ఒకటొకటీ కదిలాయి.
తరవాత అడిగింది:
"మీరు చెప్పేది రొయ్యల గురించా, మీ గురించా?"

ఆయ్ అని తప్పించుకోడానికి వీల్లేని ప్రశ్న.
నేను అడగాల్సింది.

ఐదు కాకముందే నా ఫోను మోగింది.
ఎవరికి చెప్పమంటారని అది వాడినే అడిగిందట.
బాబాయికి వద్దండి, సువార్త మేడంకైతే చెప్పండి, అన్నాడట.
చీకట్లో స్కూటీ మీద అక్విడక్టు దాటుతున్నాను.
పైన కాలవ నీరు, కింద వైనతేయ నీరు,
ఒకదాని సంగతి ఒకదానికి తెలీకుండా.

గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.
ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను, అది వాడిది.
సగంసేపు మాట్లాడనే లేదు.
కొంగలు దిగాయి, కొన్ని లేచిపోయాయి.
బాబాయి రెండు టీ గ్లాసులు తెచ్చి పెట్టి
ఏమీ అడక్కుండా మోటారు దగ్గరికి వెళ్ళిపోయాడు.
ఆయనకి ముందే కొంత తెలుసేమో.
కాకినాడ డాక్టరుగారి దగ్గరికి ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాం.
బస్సులో కిటికీ సీటు వాడిదే.
మాత్రలు వేసుకుంటున్నాడు. కొన్నాళ్ళు బాగుంటాడు,
కొన్నాళ్ళు ఫోను ఎత్తడు.

ట్యాబులో ఒక ఖాళీ గడి ఉంది,
మీ ప్రాంతపు మాటలు మాకు నేర్పండి, అని.
మధ్యాన్నం రోగులు పల్చబడ్డాక రాయడం మొదలెట్టాను.
బెంగ: థర్మామీటరుకి అందని జ్వరం.
సయించకపోవడం: కూర బాగోక కాదు.
బుర్ర బరువు: తలనొప్పి మాత్ర ఇచ్చి పంపొద్దు.
ఆయ్ దగ్గర ఆగిపోయాను.
నాన్న తువ్వాలు గుర్తొచ్చింది. పచ్చచుక్క గుర్తొచ్చింది.
అర్థం రాయాల్సిన చోట చివరికి
'మళ్ళీ అడుగు' అని రాశాను.
అదే ఒక చీటీ మీదా రాసి
టీకాల ఫ్రిజ్ తలుపుకి, నా కళ్ళకి ఎదురుగా,
దూది చుట్టే ప్లాస్టరుతో అంటించుకున్నాను.